పాత ఇల్లు: బాగుచేయాలా, సగం ఉంచాలా, విప్పి కట్టాలా?

మా తాత కట్టించిన ఇల్లు నకిరేకల్ దగ్గర ఒక పల్లెలో ఉంది. రెండడుగుల మందం మట్టిగోడలు, గూనపెంకల కప్పు, నడుమ చిన్న మండువా, వాకిలికి అటూ ఇటూ అరుగులు. మూడేళ్ల కింద వానాకాలంలో వంటింటి దూలం కిందికి వంగింది. ఆ రాత్రి అమ్మ ఫోన్ చేసి "పైనుంచి మన్ను రాలుతోంది" అన్నది మొదలు, మా ఇంట్లో ఆరు నెలలు అదే చర్చ. తమ్ముడు కూలగొట్టి స్లాబ్ వేద్దామన్నాడు. మేనమామ రేకులు వేసుకుంటే తక్కువలో పోతుందన్నాడు. అమ్మ ఏమీ అనలేదు. బాపు (మా నాన్న) పుట్టిన అర్రలోకి, అంటే గదిలోకి, పోయి కూర్చుంది.

నల్గొండ, పాలమూరు జిల్లాల్లో ఇప్పుడు చాలా ఇళ్లలో ఇదే టెన్షన్. వలసపోయినవాళ్ల ఇళ్లు, హైదరాబాద్‌లో స్థిరపడ్డవాళ్ల ఇళ్లు తాళాలు వేసి ఉన్నాయి. కొన్ని అమ్మకానికి వస్తున్నాయి. బేరం దగ్గర స్థలానికే లెక్క కడతారు, ఇంటికి విలువే ఉండదు. అందుకే పాత ఇల్లంటే ఇష్టమున్నవాళ్లకు అవి అందుబాటు ధరలోనే దొరుకుతాయి. దొరికిన తర్వాతే అసలు ప్రశ్న మొదలవుతుంది.

మేం ఆరు నెలలు తిరిగి, అడిగి, ఒకసారి తప్పు చేసి నేర్చుకున్నది ఇక్కడ రాస్తున్నాను. ఇల్లు మంచిదా కాదా అన్నది సగం ప్రశ్నే. ఏటా వానలకు ముందు ఆ ఇంటి కప్పు ఎక్కి చూసే మనిషి మీకు ఉన్నాడా అన్నది మిగతా సగం.

## ముందు చూడాల్సినవి

### నీళ్లు

మట్టి ఇంటికి వయసు వల్ల ముప్పు రాదు, నీళ్ల వల్ల వస్తుంది. పైన కప్పు సరిగ్గా ఉండి, కింద గోడ అడుగు పొడిగా ఉంటే మట్టిగోడ మూడు తరాలు చూస్తుంది.

మా వీధిలో సీసీ రోడ్డు మీద మళ్లీ సీసీ రోడ్డు వేశారు. మా చిన్నప్పుడు మూడు మెట్లు ఎక్కి అరుగు మీదికి పోయేవాళ్లం. ఇప్పుడు ఒక్క మెట్టే మిగిలింది. పక్క వీధిలో రెండిళ్లకైతే రోడ్డే గడప కంటే ఎత్తు. వాన నీళ్లు నేరుగా గోడ అడుగున నిలుస్తాయి. అలాంటి ఇంటికి ఎంత ఖర్చుపెట్టి కప్పు మార్చినా లాభం లేదు, ముందు ఆ నీళ్లకు దారి చూపాలి. ఇల్లు చూడడానికి ఎండాకాలంలో పోతే ఇవేవీ కనబడవు. పెద్దవాన పడిన మర్నాడు పోండి.

వాన లేకపోయినా ఒక గుర్తు ఉంటుంది. గోడ కింద తెల్లగా ఉప్పు పూసిన గీత ఎంత ఎత్తు దాకా ఉందో చూడండి. జానెడు ఎత్తులో ఉంటే మామూలే. నడుము దాకా వచ్చిందంటే గోడ ఏళ్ల తరబడి నానుతోందని అర్థం.

నది ఒడ్డు ఊళ్ల సంగతి వేరు. 2009 అక్టోబర్ వరదల్లో తుంగభద్ర ఒడ్డున రాజోలి మునిగిపోయినప్పుడు ఇళ్లు కుప్పకూలాయి. నిలువునా మునిగే చోట మట్టిగోడను కాపాడే ఉపాయం ఏదీ లేదు. అలాంటి చోట పాత ఇంటి మీద డబ్బు పెట్టమని నేను ఎవరికీ చెప్పను.

### దూలం చివర్లు

మా ఇంటికి వచ్చిన వడ్లాయనకు (వడ్రంగికి) డెబ్బై దాటి ఉంటాయి. నిచ్చెన వేయించుకుని ఎక్కాడు. మేమంతా వంగిన చోటే చూపిస్తున్నాం. ఆయన అటు చూడనే లేదు. సుత్తి వెనక భాగంతో దూలం పొడవునా కొట్టుకుంటూ, చెవి దగ్గర పెట్టి వింటూ గోడ వైపు పోయాడు. నడుమ కొడితే ఖంగుమంది. గోడకు జానెడు దూరంలో చప్పుడు మారింది, ఖాళీ డబ్బాను కొట్టినట్టు బొదబొద. స్క్రూడ్రైవర్ తీసి పొడిచాడు. పిడి దాకా దిగింది.

"దూలం నడుమ సూడొద్దు బిడ్డా, గోడల దూరిన కాడ సూడు" అన్నాడు.

అప్పటినుంచి ఏ పాత ఇంటికి పోయినా నేను మొదట చూసేది అదే. గోడలోకి పోయిన చెక్క చివరకు గాలి తగలదు, చెమ్మ ఆరదు, చెదలు అక్కడినుంచే ఎక్కుతాయి. చివర్లు పోయి నడుమ గట్టిగా ఉంటే దూలం మొత్తం మార్చనక్కర్లేదు. కింద గోడకు ఆనించి ఒక కర్ర స్తంభమో ఇటుక దిమ్మెనో నిలబెట్టి మోయించవచ్చు, లేదా చెడిన మేర కోసి కొత్త టేకుముక్క అతికించవచ్చు. మా ఏడు దూలాల్లో మూడింటికే చివర్లు చెడ్డాయి. "అన్నీ పోయినయ్" అని అంతకుముందు ఒక మేస్త్రి కింద నిలబడి చూసి చెప్పాడు.

### గోడ నిలువు

తూకం గుండు వేలాడదీసి చూడండి. కొద్దిగా వాలితే భయం లేదు. గోడ పొట్టపెడితే, అంటే నడుమ ఉబ్బి బయటికి వస్తే, ఆ భాగం విప్పి కట్టాల్సిందే. నెర్రెలుంటే అవి పాతవా, ఇంకా పెరుగుతున్నాయా అన్నది తేలాలి. నెర్రెకు అడ్డంగా సన్నని గాజుముక్కను సున్నంతో అతికించి, పక్కన తేదీ రాసి, ఒక వానాకాలం గడవనివ్వండి. గాజు పగలకపోతే అది పాత గాయం, పూడిస్తే చాలు.

### ఎవరు ఉంటారు

పెంకుటిల్లయితే ఏటా మిర్గం (జూన్ మొదట్లో వచ్చే మృగశిర కార్తె) లోపు పగిలిన పెంక మార్చాలి, జారిన పెంక సర్దాలి. గద్వాల, అలంపురం వైపు మట్టి మిద్దెలయితే (పైన మన్ను పరిచిన చదును కప్పు ఇళ్లు) ఏటా పైన చౌడు మన్ను పోయాలి. చౌడు తడిస్తే ఉబ్బి సందులు మూసుకుంటుంది, నీళ్లు కిందికి దిగవు. ఆ ఒక్క పని రెండేళ్లు మానేస్తే మిద్దె మీద గడ్డి మొలుస్తుంది, మూడో ఏడు రావిమొక్క వేరు దిగుతుంది. దీన్ని చేయించే మనిషి ఊళ్లో లేకుండా, వాట్సాప్‌లో ఫోటోలు చూస్తూ పాత ఇంటిని నిలబెట్టడం చాలా కష్టం.

పొయ్యి మీద పొగ, రోజూ ఊడ్చే చీపురు, తెరిచే కిటికీలు పాత ఇంటికి మందులాంటివి. తాళం వేసిన ఇంట్లో చెదలకు అడ్డుండదు.

### కాగితాలు, డబ్బు

గ్రామకంఠంలోని (ఊరి నివాస స్థలంలోని) ఇళ్లకు చాలాసార్లు రిజిస్టర్డ్ దస్తావేజు ఉండదు. పంచాయతీ ఇంటి నంబరు, పన్ను రసీదు, కరెంటు బిల్లు మాత్రమే ఉంటాయి. వాటి మీద బ్యాంకు లోన్ రావడం కష్టం. ఇల్లు తాత పేరు మీదే ఉండి వారసులు నలుగురు ఉంటే, బాగుచేయించే ఒక్కరి డబ్బుకు భద్రత లేదు. ముందు అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు కూర్చుని వాటా సంగతి కాగితం మీద పెట్టుకోండి. ఇష్టంతో మొదలైన పని ఇక్కడే తగాదాగా మారడం నేను చూశాను.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్న కట్టడం చుట్టూ 100 మీటర్ల లోపు కొత్త నిర్మాణం నిషేధం. ఆ పైన ఇంకో 200 మీటర్లు నియంత్రిత ప్రాంతం. 1958 నాటి చట్టానికి 2010లో చేసిన సవరణ ఇది. 1992 జూన్ 16కు ముందునుంచి ఉన్న ఇంటికి మాత్రం అనుమతి తీసుకుని మరమ్మతు చేసుకోవచ్చు. అలంపురంలో నవబ్రహ్మ ఆలయాల పక్కనే ఇల్లున్నవాళ్లకు దీని అర్థం ఏమిటంటే, ఉన్న ఇంటిని తొందరపడి కూలిస్తే ఆ స్థలంలో మళ్లీ కొత్త ఇల్లు లేపలేకపోవచ్చు. వాళ్లు గడ్డపార పట్టకముందే ఆ శాఖ ఆఫీసుకు పోయి అడగాలి.

## దారి ఒకటి: ఉన్నదున్నట్టు బాగుచేయడం

గోడలు మట్టివే ఉంచి, పూత సున్నంతో వేసి, దూలాలు, దంతెలు, వాసాలు చెడినంత మేర మార్చి, పెంకో మిద్దెనో మళ్లీ అదే పద్ధతిలో కప్పడం.

ఇంత సుఖమైన ఇల్లు ఇంకోటి లేదు. నల్గొండలో మే నెల ఎండ 45 డిగ్రీలు దాటిన రోజు కూడా మట్టి అర్రలో మధ్యాహ్నం ఫ్యాన్ కింద నిద్రపడుతుంది. స్లాబ్ ఇల్లు పగలంతా ఎండ మింగి రాత్రి పదింటికి కక్కుతుంది. మా అమ్మ చివరికి స్లాబ్ వద్దనడానికి మొదటి కారణం బాపు జ్ఞాపకం కాదు, ఈ వేడే.

అయితే పని తెలిసినవాళ్లు దొరకాలి. ఒకప్పుడు సున్నాన్ని గానుగలో ఇసుకతో కలిపి నూరేవాళ్లు, కరక్కాయ, బెల్లం నీళ్లు కలిపేవాళ్లు. ఇప్పుడు గానుగలు లేవు. సున్నాన్ని కనీసం రెండు మూడు వారాలు నానబెట్టి, జల్లెడ పట్టి, ఒక వంతు సున్నానికి మూడు వంతుల ఇసుక కలిపి వేయించుకోవచ్చు. ఓపిక కావాలి. సిమెంట్ పూత తెల్లారేసరికి గట్టిపడుతుంది, సున్నం వారాల తరబడి నెమ్మదిగా గట్టిపడుతుంది. ఆ నెమ్మదిని తట్టుకోలేకే మేస్త్రీలు సిమెంట్ బస్తా విప్పుతారు.

మా ఇంట్లో జరిగిన తప్పు అదే. 2005 ప్రాంతంలో బాపు ముందరి గోడకు సిమెంట్ ప్లాస్టరింగ్ చేయించారు. గోడ నున్నగా, గట్టిగా ఉందని ఊరంతా మెచ్చుకున్నారు. మట్టిగోడ కింద నుంచి చెమ్మ పీలుస్తుంది, పైపూత గుండా దాన్ని వదులుతుంది. సిమెంట్ ఆ దారి మూసేసింది. పదేళ్లు తిరిగేసరికి పూత పలకలు పలకలుగా ఊడింది, ఊడుతూ అరచెయ్యి మందం మట్టిని కూడా పీకింది. లోపల మన్ను పిండిలా నానిపోయి ఉంది. ఆ గోడ అడుగు మూడడుగుల మేర తవ్వి రాయితో కట్టడానికి అయిన ఖర్చు, మొదట్లోనే సున్నం వేయించి ఉంటే అయ్యేదానికి ఎన్నో రెట్లు. మట్టిగోడకు సిమెంట్ వద్దు. ఈ వ్యాసంలో ఇంకేమీ గుర్తు లేకపోయినా ఇది గుర్తుపెట్టుకోండి.

కోతుల సంగతి కూడా చెప్పాలి. మా వైపు పెంకుటిళ్లు పోవడానికి వానల కంటే కోతులే పెద్ద కారణం. పొద్దున సర్దిన పెంక సాయంత్రానికి కింద ఉంటుంది. దీనికి మేం కనుక్కున్న మార్గం, వాసాల మీద ముందు సన్న రేకు పరిచి, దాని మీద బద్దలు కొట్టి పెంక కప్పడం. పెంక పగిలినా ఆ రాత్రి ఇల్లు కురవదు. బయటికి ఇల్లు పాత ఇల్లులాగే కనబడుతుంది. శుద్ధ సంప్రదాయం కోరుకునేవాళ్లకు ఇది నచ్చకపోవచ్చు, కానీ వానలో గిన్నెలు పెట్టుకుని కూర్చున్నవాళ్లకు నచ్చుతుంది.

## దారి రెండు: గోడలు ఉంచి కప్పు మార్చడం

తొందరగా అయ్యే పని. కర్ర పూర్తిగా పోయి, గోడలు బాగున్న ఇంటికి ఇది సరిపోతుంది. వాసాల బదులు ఇనుప పైపులు వేసి బెంగుళూరు పెంక కప్పుకోవచ్చు, లేదా రేకులు వేసుకోవచ్చు. రేకులు అన్నిటికంటే చవక, వేడి కూడా అన్నిటికంటే ఎక్కువ. రేకు కింద వెదురు తడకో మరో అడ్డో లేకపోతే మట్టిగోడల చల్లదనం అంతా వృథా. గాలిదుమారానికి రేకులు లేచిపోకుండా పైపులను గోడ లోతుల్లోకి బిగించాలి. పైవరుస మట్టిలో మేకు కొడితే అది పట్టు కాదు.

కొందరు మట్టిగోడల మీదే స్లాబ్ పోస్తారు. ఈ మాట మీద కొంచెం ఆగుతాను, ఎందుకంటే "గోడ రెండడుగులు ఉంది, ఏనుగునైనా మోస్తది" అనే మాట మాకు కూడా చెప్పారు. ఐదు అంగుళాల స్లాబ్ చదరపు మీటరుకు 300 కిలోలు దాటుతుంది. పెంకుటింటి గోడ అంత బరువు ఎప్పుడూ మోయలేదు. మిద్దె ఇంటి గోడ మోసింది నిజమే, అడుగు మందం మన్ను అంతకంటే బరువే. కానీ మన్ను, కర్ర గోడతో పాటు సర్దుకుంటాయి. స్లాబ్ ఎండకు సాగుతుంది, చలికి ముడుచుకుంటుంది, ప్రతిసారీ గోడ తలను కొద్దికొద్దిగా తోస్తుంది. ఒక మూల గోడ నానితే కర్ర కప్పు వంగి హెచ్చరిస్తుంది. స్లాబ్ వంగదు, విరుగుతుంది. స్లాబే కావాలంటే గోడలతో సంబంధం లేకుండా లోపల పిల్లర్లు లేపి వాటి మీద పోయండి, అదీ ఇంజనీర్ చూసిన తర్వాతే. అప్పుడు ఖర్చు కొత్త ఇంటికి దగ్గరవుతుంది.

## దారి మూడు: ముందు భాగం ఉంచి, వెనక కొత్తది

మేం చేసింది ఇది. నన్ను అడిగే చాలామందికి చెప్పేది కూడా ఇదే.

పాత ఇంటిని చెరిపేవి నీళ్ల గదులు. పాత కాలంలో స్నానం దొడ్లో, వంట వెనక, మరుగుదొడ్డి ఊరి బయట. ఆ ఇంట్లోనే ఇప్పుడు బెడ్‌రూమ్‌కు అటాచ్డ్ బాత్రూమ్ పెడితే మట్టిగోడకు రోజూ వానాకాలమే. అందుకే అరుగులు, దర్వాజ, మండువా, రెండు అర్రలు పాతవి ఉంచాం. పడిపోయేలా ఉన్న వంటిల్లు విప్పేసి, వెనక దొడ్డి స్థలంలో వంటగది, బాత్రూమ్, ఒక చిన్న గది పిల్లర్లతో, స్లాబ్‌తో కట్టాం. రెండింటి నడుమ ఆరడుగుల ఖాళీ వదిలి తాండూరు బండలు పరిచి, నీళ్లు బయటికి పోయేలా వాలు పెట్టాం. అమ్మకు మోకాళ్ల నొప్పులు. రాత్రి బాత్రూమ్‌కు పోవడానికి మెట్టు లేని దారి ఉంది ఇప్పుడు.

ఈ దారిలో ప్రమాదం ఒక్కచోటే ఉంది, కొత్త పునాది గుంతల దగ్గర. పాత గోడల పునాది లోతు తక్కువ. దానికి ఆనుకుని పిల్లర్ గుంత లోతుగా తీస్తే, గోడ కాళ్ల కింద మన్ను జారుతుంది. కనీసం నాలుగైదు అడుగులు వదలండి, గుంతలు అన్నీ ఒక్కరోజే తీయొద్దు, ఎండాకాలంలోనే తీయండి. కొత్త గోడను పాత గోడకు కలిపి కట్టొద్దు. రెండూ వేర్వేరుగా కదులుతాయి, కలిపిన చోట నెర్రె ఖాయం.

ఖర్చు మేం వేసుకున్న అంచనా కంటే మూడో వంతు పెరిగింది. పెరిగినదంతా పాత భాగం దగ్గరే. విప్పితేగాని లోపల ఏముందో తెలియదు కాబట్టి పాత పనికి ఆ వెసులుబాటు ముందే పక్కన పెట్టుకోండి.

## దారి నాలుగు: విప్పి, సామాను వాడుకుంటూ కొత్తగా కట్టడం

"విప్పి" అంటున్నాను, "కూల్చి" అనడం లేదు. జేసీబీ ఒక పూటలో పని ముగిస్తుంది, దాంతోపాటు టేకు దూలాలు, చెక్కిన దర్వాజ, గూళ్ల చట్రాలు, బండలు ముక్కలవుతాయి. "మేమే ఉచితంగా కూలగొట్టి శుభ్రం చేసి ఇస్తాం, కర్ర మాకు వదిలేయండి" అని వచ్చేవాళ్లు ఉంటారు. ఆ కర్ర ఎంత చేస్తుందో వాళ్లకు తెలుసు. మీరూ తెలుసుకున్నాకే మాట ఇవ్వండి.

శ్రీశైలం ప్రాజెక్టు ముంపులో పోవాల్సిన కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని విప్పి తెచ్చి అలంపురంలో మళ్లీ నిలబెట్టారు. గుడినే విప్పి కట్టగలిగినప్పుడు నాలుగు స్తంభాల సాయబాన్ (ముందు వసారా) ఎంత? ప్రతి దూలానికీ, స్తంభానికీ పెయింట్‌తో నంబరు వేసి, విప్పకముందు ఫోటోలు తీసి, ఒక కాగితం మీద పటం గీసుకోండి. కొత్త ఇంటి ముందు అదే సాయబాన్ నిలబెట్టవచ్చు. పాత బండలు వరండాకు, గోడల మన్ను పునాది నింపడానికి పనికొస్తాయి. మట్టి ఇటుకలతో కట్టే ఆలోచన ఉంటే హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని జాతీయ గ్రామీణాభివృద్ధి సంస్థలో రూరల్ టెక్నాలజీ పార్క్ ఉంది. అక్కడ అలాంటి ఇటుకల ఇళ్లు కళ్లారా చూడవచ్చు.

2024లో మొదలైన ఇందిరమ్మ ఇళ్ల పథకం కింద సొంత స్థలం ఉన్న అర్హులకు 5 లక్షల సాయం దశలవారీగా వస్తుంది, కనీసం 400 చదరపు అడుగుల ఇల్లు కట్టాలి. ఈ సాయం కొత్తగా కట్టుకునే ఇంటికే. కూలిపోయేలా ఉన్న మట్టి ఇంట్లో పిల్లలతో ఉంటున్న కుటుంబానికి ఈ డబ్బు వస్తుంటే, పాత ఇల్లు కాపాడుకోమని చెప్పే హక్కు నాకు లేదు. తీసుకోవాల్సిందే. దర్వాజ మాత్రం విప్పి దాచుకోండి, కొత్త గోడలో ఇమిడిపోతుంది.

## పక్కపక్కన పెట్టి చూస్తే

| చూడాల్సింది | ఉన్నదున్నట్టు | కప్పు మార్పు | ముందు పాత, వెనక కొత్త | విప్పి కొత్తగా |
|---|---|---|---|---|
| మొదటి ఖర్చు | మధ్యస్థం, కానీ పెరగొచ్చు | తక్కువ | ఎక్కువ | చాలా ఎక్కువ |
| ఏటా పని | తప్పదు | పెంకకు కొంత, రేకుకు తక్కువ | ముందు భాగానికి తప్పదు | దాదాపు లేదు |
| ఎండాకాలం | చాలా చల్లన | రేకైతే వేడి | పగలు పాతింట్లో హాయి | వేడి |
| పనివాళ్లు | దొరకడం కష్టం | సులువు | రెండు రకాలవాళ్లు కావాలి | సులువు |
| లోన్, ప్రభుత్వ సాయం | కష్టం | కష్టం | కొత్త భాగానికి అడిగి చూడొచ్చు | కాగితాలుంటే వీలు |
| ఎవరూ ఉండకపోతే | త్వరగా చెడుతుంది | కొంత ఆగుతుంది | ముందు భాగం చెడుతుంది | నిలుస్తుంది |

ఐదో దారి కూడా ఒకటుంది, తాళం వేసి "తర్వాత చూద్దాం" అనుకోవడం. డబ్బు ఖర్చు కాలేదనిపిస్తుంది కానీ, ప్రతి వానకూ ఇల్లు కొంచెం కొంచెం పోతూనే ఉంటుంది. ఇప్పుడు చేతిలో డబ్బు లేకపోతే కనీసం కప్పు మీద టార్పాలిన్ పట్టా కట్టించి, గోడ చుట్టూ నీళ్లు నిలవకుండా కాలువ తీయించండి. ఊళ్లో ఎవరికైనా అద్దె లేకుండా ఇచ్చినా మంచిదే, కాగితం రాసుకుని.

## ఎవరికి ఏది

అమ్మానాన్నలు ఊళ్లోనే ఉంటే మూడో దారి. వాళ్ల అలవాటు చెడదు, సౌకర్యం వస్తుంది. ఇందులో నాకు రెండో ఆలోచన లేదు.

హైదరాబాద్‌లో ఉంటూ పండగకూ పబ్బానికీ వచ్చిపోయేవాళ్లకు మొదటి దారి మనసుకు నచ్చుతుంది. ఊళ్లో నమ్మకమైన మనిషి ఉంటే, ఏటా ఆ మనిషికి కూలి ఇచ్చే ఏర్పాటు ఉంటే పోండి. లేకపోతే రెండోది, పెంక కింద రేకు పద్ధతిలో.

మగ్గం ఉన్న ఇళ్ల లెక్క వేరు. పోచంపల్లి, గద్వాల, నారాయణపేట, రాజోలి, ఎక్కడైనా గుంటమగ్గం ఉన్న అర్రకు మట్టిగోడ, మట్టి నేల అలంకారం కోసం ఉన్నవి కావు. గాలిలో తేమ ఉంటేనే నూలు పోగు తెగకుండా సాగుతుంది. స్లాబ్ కింద, టైల్స్ మీద ఎండాకాలం పోగులు ఊరికే తెగుతాయి. ఇల్లు కొత్తది కట్టుకున్నా మగ్గం అర్ర ఒక్కటి పాతది ఉంచుకోవడం మంచిది. అయితే గుంటలోకి ఊట వస్తోందేమో చూడండి. మగ్గం దగ్గర రోజంతా కాళ్లు గుంటలోనే ఉంటాయి కాబట్టి ఆ చెమ్మ గోడ కంటే ముందు మనిషిని పట్టుకుంటుంది.

గడీలాంటి పెద్ద ఇల్లు వారసత్వంగా వచ్చినవాళ్లు ఒక్క కుటుంబంగా దాన్ని మోయలేరు. వనపర్తి సంస్థానం ప్యాలెస్‌లో పాలిటెక్నిక్ కాలేజీ నడుస్తున్నట్టు, ఏదో ఒక వాడకం దొరికితేనే అవి నిలుస్తాయి. బడి, గ్రంథాలయం, బస ఏదైనా కావచ్చు. మొత్తం బాగుచేసే డబ్బు లేకపోతే ఒక్క భాగం బాగుచేసి వాడడం మొదలుపెట్టండి, మిగతాదానికి కప్పు మాత్రం కాపాడండి.

## కొత్తగా కొనేవాళ్లు

పాత ఇల్లు కొందామనుకునేవాళ్లు నన్ను అడిగే మొదటి ప్రశ్న ధర. నేను అడిగే మొదటి ప్రశ్న, అమ్మే మనిషికి తోబుట్టువులు ఎంతమంది? ఆడబిడ్డల సంతకాలతో సహా అందరి సంతకాలూ ఉండాలి. దుబాయ్‌లోనో బొంబాయిలోనో ఉన్న ఒక్క తమ్ముడి సంతకం లేకపోతే, మీరు కప్పు మార్చిన తర్వాత ఆయన వస్తాడు.

తర్వాత వడ్లాయనను వెంటబెట్టుకుని పోండి. బ్రోకర్ దర్వాజ మీద చెక్కడాలు చూపిస్తాడు. మీరు నిచ్చెన అడగండి. ఎక్కనివ్వకపోతే వెనక్కి వచ్చేయండి. పాత ఇంట్లోని కరెంటు వైర్లు కర్ర మీదుగా పోతుంటే అన్నీ తీసి కొత్తవి వేయించడం ఖర్చులో కలుపుకోండి, దాంట్లో బేరం లేదు.

మొదటి ఏడాది పెద్ద పని ఏదీ పెట్టుకోవద్దని నా సలహా. కప్పు సర్ది, కాలువ తీయించి, ఒక వానాకాలం ఆ ఇంట్లో గడపండి. ఎక్కడ కురుస్తుందో, ఎక్కడ చెమ్మ ఎక్కుతుందో ఇల్లే చూపిస్తుంది. ఆ తర్వాత వేసే అంచనా నిజానికి దగ్గరగా ఉంటుంది.

## పని ఎప్పుడు పెట్టుకోవాలి

సంక్రాంతి దాటగానే విప్పడం మొదలుపెడితే మిర్గం లోపు కప్పు పడాలి. ఫిబ్రవరి, మార్చిలో గోడ అడుగు పనులు, కర్ర పనులు. సున్నం పూత మార్చిలో మంచిది. మే ఎండలో వేస్తే నీళ్లు తొందరగా ఆరి నెర్రెలు వస్తాయి, తడిగోనెలు కప్పి కాపాడుకోవాలి. మా పని ఏప్రిల్‌లో మొదలై జూన్ రెండో వారానికి కూడా ఒక అర్రకు పెంక పడలేదు. మొదటి వానకు పట్టా పట్టుకుని నేనూ తమ్ముడూ గోడ మీద నిలబడ్డాం. కూలగొడదామన్న తమ్ముడే ఆ రాత్రి గోడ తడవకుండా రెండు గంటలు పట్టా వదల్లేదు.

వడ్లాయనను దసరా అప్పుడే మాట్లాడుకోండి. ఊరికి ఒక్కరు కూడా మిగల్లేదు, ఉన్నవాళ్లకు పెళ్లిళ్ల మంచాల పని, గుడి తలుపుల పని ముందే ఉంటుంది. మాకు పని చేసినాయనతో ఒక కుర్రవాణ్ణి కూడా పెట్టమని అడిగి, ఆ అబ్బాయి కూలి మేమే ఇచ్చాం. దూలం చివర అతకడం ఇప్పుడు మా మండలంలో చేయగలిగినవాళ్లు ఇద్దరయ్యారు.